శకలమా, సకలమా: ఒక చిన్న స్పీకరును విన్న తీరు

కోఠీలోని గుజరాతీ గల్లీలో నేను కొన్న మొదటి బ్లూటూత్ స్పీకరు ఇంటికి వచ్చిన రోజునే అమ్మ దగ్గర ఓడిపోయింది. దుకాణంలో కుర్రవాడు దాన్ని కౌంటరు అద్దం మీద నిలబెట్టి, ధ్వనిని పూర్తిగా పెంచి, డప్పుల దరువున్న పాట ఒకటి వేసి, "బేస్ సూడున్రి సార్" అంటూ నా చేతిని తీసుకుని దాని పక్కనున్న రబ్బరు పొర మీద పెట్టించాడు. ఆ పొర వేళ్ల కింద గుండెలా కొట్టుకుంటూ ఉంటే మారుమాట లేకుండా డబ్బు కట్టేశాను. నల్లకుంటలోని మా ఇంట్లో, వంటింటి గట్టు మీద, అమ్మ రోజూ వినే అన్నమాచార్య కీర్తనలు పెట్టాను. ఆమె రెండు నిమిషాలు విని, తిరగమోత పని ఆపకుండానే, "ఎవరో మూత పెట్టిన గిన్నెలోంచి పాడుతున్నట్టుందిరా" అన్నది.

నాకు కొంచెం కోపం వచ్చింది. మర్నాడు తలుపు వేసుకుని ఒంటరిగా విన్నాక ఆమె మాటే నిజమని ఒప్పుకోక తప్పలేదు. దుకాణంలో నన్ను పడగొట్టిన ఆ దరువు ఇంట్లో గాయని గొంతును కమ్మేస్తోంది. ఆ తరువాత ఏడాదిన్నర కాలంలో మరో రెండు స్పీకర్లు కొన్నాను. స్నేహితుల దగ్గరనుంచి ఇంకో రెండు తెచ్చి వారం చొప్పున ఇంట్లో ఉంచుకున్నాను. అరచేతిలో ఇమిడే స్పీకరు ఏదీ అన్నీ ఇవ్వలేదు, ఏదో ఒకటి వదులుకునే తీరుతుంది. కాబట్టి అది ఏమి ఇస్తోందన్న లెక్క కంటే, ఏది వదులుకుంది, ఏ ధ్వనిమట్టం దగ్గర వదులుకుంది అన్న లెక్కే ముఖ్యమన్న అభిప్రాయానికి వచ్చాను. ఆ లెక్క ఎలా వేసుకున్నానో చెప్పడమే ఇక్కడ నా ఉద్దేశం.

ముందుగా దుకాణం చేసిన మోసం సంగతి. అందులో కుర్రవాడి తప్పు కంటే మన చెవి నైజమే ఎక్కువ. బెల్ ప్రయోగశాలలో పనిచేసిన ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లోనే చూపించినట్టు, ధ్వని తక్కువగా ఉన్నప్పుడు మన చెవి మంద్రస్వరాలను సరిగా పట్టుకోదు. ధ్వని పెరిగేకొద్దీ ఆ లోటు తగ్గుతూ వస్తుంది. అందువల్ల ఏ స్పీకరునైనా గట్టిగా మోగిస్తే నిండుగా ఉన్నట్టు, తగ్గించి మోగిస్తే పేలవంగా ఉన్నట్టు తోస్తుంది. రెండింటిని పక్కపక్కన పెట్టి విన్నప్పుడు ఒకటి కాస్త బిగ్గరగా ఉంటే చాలు, ఆ తేడాను మనం బిగ్గర అని గుర్తించం, 'ఇదే బాగుంది' అని తీర్పు చెప్పేస్తాం. అందుకని పోల్చేముందు అన్నింటినీ ఒకే మట్టానికి తెచ్చుకోవాలి. నేను చేసిన ఏర్పాటు చాలా సాదాది. జలపాతపు హోరులా వినిపించే పింక్ నాయిస్ అనే శబ్దాన్ని ఒక్కొక్క స్పీకరులో మోగించి, ఒక మీటరు దూరంలో ఒకే చోట ఉంచిన ఒకే ఫోనులోని డెసిబెల్ యాప్ 70 చూపేదాకా ధ్వనిని సర్దాను. ఫోను మైకు చూపే అంకె కచ్చితమైనది కాకపోవచ్చు గానీ, అన్నింటికీ అదే తూకపురాయి కాబట్టి పోలికకు ఇబ్బంది లేదు.

చెవి తరువాత కన్ను. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ధ్వనిశాస్త్రజ్ఞులు హర్మన్ సంస్థ ఉద్యోగులకే స్పీకర్లను తెర వెనుకనుంచి ఒకసారి, కళ్లెదుట పెట్టి మరొకసారి వినిపించి మార్కులు వేయించారు. వినేవారు వారే, స్పీకర్లు అవే అయినా, కంటికి కనిపించేసరికి ఘనంగా ఉన్న వాటికి మార్కులు పెరిగాయి, చవకగా కనిపించినదానికి తగ్గాయి. అది చదివాక మా ఇంట్లోనూ ఒక తెర కట్టాను. పాత వాయిల్ చీర పలుచగా ఉంటుంది, ధ్వనిని పెద్దగా ఆపదు. దాన్ని రెండు కుర్చీల మధ్య కట్టి, వెనుక చెక్క బల్ల మీద మూడు స్పీకర్లను పెట్టి, మూడింటికీ మూడు ఫోన్లు జతచేసి, మా అమ్మాయిని వెనుక కూర్చోబెట్టాను. ఒకే ఫోనును ఒకదానినుంచి మరొకదానికి మారుస్తూ కూర్చుంటే మధ్యలో పట్టే సమయంలో ముందు విన్న ధ్వని జ్ఞాపకం చెదిరిపోతుంది. మూడు ఫోన్లుంటే ఒకటి ఆగిన క్షణంలోనే మరొకటి అందుకుంటుంది. అమ్మాయి తనకు తోచిన వరుసలో మారుస్తూ 'ఒకటి', 'రెండు', 'మూడు' అని మాత్రం చెప్పేది. మొదటి విడతలో 'రెండు' అన్నది నేను ఎక్కువ డబ్బు పెట్టి కొన్న స్పీకరే అని గట్టిగా వాదించాను. "నాన్నా, అది కోఠీది" అని చీర వెనుకనుంచి నవ్వింది. నాలుగు విడతల్లోనూ వరుస మార్చినా అమ్మ మాత్రం ఒకే స్పీకరును ఎంచింది, నేను రెండుసార్లు మాట మార్చాను.

ఇక అసలు సంగతి, ఈ చిన్న పెట్టెకు మంద్రం ఎందుకు భారమవుతుందన్నది. 50 హెర్ట్జుల (సెకనుకు 50 కంపనాల) ధ్వని తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. మన హాలు పొడవు కంటే ఎక్కువే. స్పీకరులో ఊగి దాన్ని పుట్టించవలసిన గరాటు ఆకారపు పొర, అంటే కోను, దాని వ్యాసం అయిదు సెంటీమీటర్లు కూడా ఉండదు. పైగా ఒక స్థాయి కిందికి దిగినప్పుడల్లా, అంటే పౌనఃపున్యం సగమైనప్పుడల్లా, అంతే బిగ్గరగా వినిపించాలంటే కోను నాలుగు రెట్లు ఎక్కువగా ముందుకూ వెనక్కూ కదలాలి. అంత కదలడానికి చిన్న కోనుకు చోటు ఎక్కడిది? అందుకే తయారీదారులు పెట్టె పక్కల్లో తీగచుట్ట లేని రబ్బరు పొరలు అమర్చి, లోపలి గాలి ఒత్తిడితోనే అవి ఊగేలా చేసి, మంద్రానికి కొంత సాయం తెస్తారు. నా చేత కుర్రవాడు ముట్టించింది ఆ పొరనే. అది ఊగడం నిజమే. కానీ ఊగినంత మాత్రాన వచ్చేది మృదంగమో, ఉత్త గుమగుమో చెయ్యి చెప్పదు.

మన మెదడు కూడా ఇక్కడ ఒక ఉపకారం చేస్తుంది. పురుషుడి గొంతులో మూలస్వరం 120 హెర్ట్జుల దగ్గర ఉన్నదనుకుందాం. ఫోనులోని రవ్వంత స్పీకరు అంత కిందికి దిగదు. అయినా ఫోనులో మాట్లాడేది మగవాడేనని మనకు తెలుస్తూనే ఉంటుంది, ఎందుకంటే 240, 360, 480 అంటూ మూలంతో కలిసి మోగే పై స్వరాలను, అంటే అనుస్వరాలను, విని మెదడు లేని మూలాన్ని తానే ఊహించుకుంటుంది. కాబట్టి చిన్న స్పీకరు మంద్రాన్ని పుట్టించలేకపోయినా, పైనున్న అనుస్వరాలను శుభ్రంగా ఇస్తే మనకు పెద్ద లోటు తెలియదు. లేని మంద్రాన్ని బలవంతాన తోడి ఆ అనుస్వరాలను పాడుచేసినప్పుడే మూత పెట్టిన గిన్నె కథ మొదలవుతుంది.

దీన్ని కనిపెట్టడానికి నాకు దొరికిన మంచి కొలబద్ద మృదంగం. మా పై అంతస్తులో ఒక అబ్బాయి సాయంత్రంపూట మృదంగం సాధన చేస్తాడు. మైకు లేని మృదంగం ఎలా ఉంటుందో అతని పుణ్యాన నాకు రోజూ వినిపిస్తుంది. (కచేరీ హాలులో మనం వినేది కూడా చాలామటుకు స్పీకర్లలోంచి వచ్చిందేనన్న సంగతి తరచుగా మరచిపోతాం.) మామూలు చర్మవాద్యంలో మూలస్వరానికీ అనుస్వరాలకూ పొంతన ఉండదు, అందుకే దాని మోతకు ఒక శ్రుతి అంటూ నిలవదు. మృదంగం కుడివైపున మధ్యలో ఉండే నల్లని పూత బరువువల్ల ఆ అనుస్వరాలు మూలానికి రెట్టింపు, మూడింతలు అన్న వరుసలోకి వస్తాయని, విశాఖపట్నంలో చదువుకుని పెరిగిన సి.వి. రామన్ 1920లో 'నేచర్' పత్రికలో చూపించారు. అంటే ఆ దెబ్బకు ఒక స్వరం ఉంది, అది గాయకుడి షడ్జమంతో కలిసి మోగుతుంది. కాబట్టి స్పీకరులో మృదంగం మోగినప్పుడు నేను అడిగే ప్రశ్న ఒక్కటే: దెబ్బలో షడ్జమం వినిపిస్తోందా, లేక 'దబ్' అని మాత్రమే వినిపిస్తోందా? కోఠీ స్పీకరులో కుడివైపు 'నం', ఎడమవైపు 'తోం' రెండూ ఒకే 'దబ్'గా మారిపోయాయి. అమ్మ ఎంచిన స్పీకరులో ఎడమవైపు లోతు సగమే వినిపించింది గానీ, ఎడమ అరచేత్తో ఒత్తి నాదాన్ని పైకి జరిపినప్పుడు ఆ జారుడు మొదటినుంచి చివరిదాకా స్పష్టంగా తెలిసింది. అది నిజాయితీగా వదులుకున్న మంద్రం.

మృదంగంతోనే ఇంకో పరీక్ష. ధ్వనిని పావువంతు దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క మెట్టు పెంచుతూ, ఒకే పల్లవిని మళ్లీ మళ్లీ వినాలి. ఈ స్పీకర్లలో లోపల ఒక చిప్పు కూర్చుని, ధ్వని తక్కువగా ఉన్నప్పుడు మంద్రాన్ని ఎక్కువగా కలుపుతూ, పెంచేకొద్దీ కోను తెగిపోకుండా ఆ మంద్రాన్నే కోసేస్తూ ఉంటుంది. అందువల్ల ఏదో ఒక మెట్టు దాటాక పాట పెరగడం మానేసి పలచబడుతుంది. అది ఎన్నో మెట్టు అన్నది గుర్తుపెట్టుకోవాలి. ఆ స్పీకరు అసలు సామర్థ్యం అంతే, మిగిలిన మెట్లు అలంకారం. ఇంతకంటే చికాకు పెట్టేది మరొకటి ఉంది. పూర్తి ధ్వనిలో మృదంగం దెబ్బ పడిన ప్రతిసారీ గాయకుడి గొంతు ఒక అడుగు వెనక్కు వేసి, దెబ్బ తగ్గగానే మళ్లీ ముందుకు వస్తుంది, ఎవరో తలుపు తీస్తూ వేస్తూ ఉన్నట్టు. ఒకసారి చెవిన పడితే అది మరి వదలదు. నేను స్నేహితుడి దగ్గరనుంచి తెచ్చిన ఒక స్పీకరులో దాన్ని గమనించి అతనికి చెప్పాను. ఇప్పుడు అతను ఆ స్పీకరు వినలేకపోతున్నానని నన్నే తిడుతున్నాడు.

గొంతు పరీక్షకు మాత్రం పాట కంటే మాట మేలనిపించింది, అందులోనూ తెలుగు మాట. మన అక్షరమాలలో ధ్వని తేడాలు ఎంత సన్నగా ఉంటాయంటే, వాటికోసం వేరే పరికరం అక్కర్లేదు. అమ్మ చేత ఫోనులో ఇరవై మాటలు చదివించి రికార్డు చేశాను: కల, కళ, శకలం, సకలం, శరం, సరం, ఇలా జంటల్లో ఒకటి విడిచి ఒకటి, వరుస కలిపేసి. ఆమె గొంతు మా అందరికీ తెలిసినదే కాబట్టి, అది మారితే వెంటనే తెలిసిపోతుంది. స్పీకరును వంటింట్లో ఉంచి, మేము హాలులో కూర్చుని, బడిలో ఉక్తలేఖనం రాసినట్టు కాగితాల మీద రాశాము. 'స'కారపు సీత్కారం 4,000 హెర్ట్జులకు పైనే ఎక్కువగా ఉంటుంది. 'శ' అంతకంటే కాస్త కిందినుంచే మొదలవుతుంది. పాతకాలపు టెలిఫోను 300నుంచి 3,400 హెర్ట్జుల వరకే మోసుకొచ్చేది కాబట్టి, ఊరిపేరు చెప్పేటప్పుడు 'స' అంటే అవతలివారికి 'ఫ' అని వినిపించి, 'సీతలో స' అని విడమరచవలసి వచ్చేది. కోఠీ స్పీకరు టెలిఫోను కాదు గానీ, దాని తారస్థాయి అంత మొద్దుగా ఉండడంవల్ల నా కాగితం మీద శకలాలూ సకలాలూ కలగాపులగమైపోయాయి. ఇరవైలో పదమూడే ఒప్పు. దీనికి పూర్తిగా ఎదురు దోషం మరో స్పీకరులో కనిపించింది. అందులో ప్రతి 'స' కూ చివర ఈల లాంటి గీర ఒకటి తోడై, మాటలన్నీ స్పష్టంగా ఉన్నా పది నిమిషాలకే చెవులు అలసిపోయాయి. దుకాణంలో అలాంటిదాన్నే 'క్రిస్టల్ క్లియర్' అంటారు. ల, ళల తేడా ఇంతకంటే కింద, 2,000 హెర్ట్జుల పైచిలుకున ఉంటుంది. అది కూడా తప్పిందంటే ఆ స్పీకరును అక్కడే పక్కన పెట్టేయవచ్చు.

తంబుర గురించి ఒక్క మాట. తంబుర యాప్‌ను అయిదు నిమిషాలు వదిలేసి వేరే పని చూసుకోవాలి. తీగ ఆనే చోట పెట్టే నూలు పోగువల్ల తంబుర నాదంలో అనుస్వరాలు పొరలు పొరలుగా విచ్చుకుంటాయి. మంచి స్పీకరులో ఆ పొరలు గదిలో మెల్లగా తిరుగుతున్నట్టుంటాయి. పెట్టెలో ఎక్కడైనా వదులుగా ఉన్న భాగం ఉంటే దాని గరగర పాటలో దాక్కోగలదు గానీ, ఎడతెగని తంబురలో దాక్కోలేదు.

స్పీకరును ఎక్కడ పెట్టామన్నది దాని ధర కంటే ఎక్కువ తేడా తెస్తుంది. గోడ మూలకు జరిపితే మంద్రం పెరుగుతుంది, గది మధ్యకు తెస్తే తగ్గుతుంది. అమ్మ దాన్ని ఒకసారి స్టీలు డబ్బాల అలమర మీద పెట్టింది. కంది పప్పు డబ్బా మూత 'రి'షభం దగ్గర మాత్రమే తాళం వేయడం మొదలుపెట్టింది. నేను దాన్ని స్పీకరు దోషమే అనుకుని అరగంట వెతికాను. గ్రానైటు గట్టు మీద మడిచిన పొడిగుడ్డ వేసి ఉంచితే అన్నీ సర్దుకున్నాయి. తారస్థాయి ధ్వనులు తిన్నగా ముందుకే పోతాయి కాబట్టి, కోను ముఖం నడుము ఎత్తున పొట్టకు పాడుతూ ఉంటే శకారసకారాల లెక్క మళ్లీ తప్పుతుంది. వెనుకవైపు ఒక చెక్కముక్క ఆనించి ముఖాన్ని కాస్త పైకి లేపితే చాలు.

డబ్బా మీద రాసే అంకెలతో కాలయాపన చేయను. '20 హెర్ట్జులనుంచి 20,000 హెర్ట్జుల వరకు' అన్నది మనిషి చెవి హద్దు. ఎన్ని డెసిబెళ్ల హెచ్చుతగ్గులతో అన్నది పక్కన రాయకపోతే ఆ వాక్యానికి అర్థం లేదు. నా మటుకు నాకు 13,000 దాటితే నిశ్శబ్దమే, మా అమ్మాయికి 17,000 దాకా వినిపిస్తుంది. వాట్ల సంగతి కూడా అంతే: 5 వాట్లనుంచి 10 వాట్లకు పెరిగితే 3 డెసిబెళ్లు పెరుగుతాయి, అది చెవికి 'కొంచెం ఎక్కువ' అనిపించేంతే; రెట్టింపు బిగ్గరగా తోచాలంటే దాదాపు పదింతల శక్తి కావాలి. స్టీరియో అన్న మాటను కూడా నమ్మనక్కర్లేదు, కోనుకూ కోనుకూ మధ్య జానెడు దూరం లేని పెట్టెలో కుడి ఎడమలు రెండడుగులు వెనక్కు జరగగానే ఒకటైపోతాయి. బ్లూటూత్ కోడెక్ (పాటను కుదించి పంపే పద్ధతి) వాదాలు వినడానికి ఆసక్తిగా ఉంటాయి గానీ, ప్రతి పరికరంలోనూ తప్పనిసరిగా ఉండే ఎస్‌బీసీ అనే కోడెక్ కూడా మామూలుగా సెకనుకు 328 కిలోబిట్ల వరకు మోస్తుంది. ఈ పరిమాణపు కోను దగ్గర అది ఎప్పుడూ మొదటి దోషి కాదు. వాట్సాప్‌లో పది చేతులు మారి వచ్చిన పాటను పెట్టి స్పీకరును తిట్టడం మాత్రం అన్యాయం. ఇంకొకటి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే పరీక్ష ముగించకూడదు. కొన్ని స్పీకర్లు బ్యాటరీ అడుగంటేసరికి ధ్వనిని తామే తగ్గించుకుంటాయి.

డాబా మీద విన్నప్పుడు లెక్కలన్నీ కొంత మారాయి. గోడలు, పైకప్పు లేని చోట దూరం రెట్టింపైనప్పుడల్లా ధ్వని 6 డెసిబెళ్లు పడిపోతుంది, గది ఇచ్చే మంద్రపు అండ కూడా ఉండదు. కిందనుంచి ఆటోల మోత, ఎదురింటి బోరు మోటారు రొద కలిసేసరికి, ఇంట్లో నెగ్గిన స్పీకరు ఇక్కడ బక్కచిక్కి వినిపించింది; కోఠీ స్పీకరు తన దరువుతో డాబా అంతా నిండింది. ఆరుబయటి కోసం కొనేవారికి నేను అమ్మ తీర్పును చెప్పను. పార్కులో నడకకు వస్తూ మెడలో స్పీకరు వేలాడదీసుకునే పెద్దమనుషులకు ఏ తీర్పూ చెప్పను, వారికి ఇయర్‌ఫోన్లు ఉన్నాయి.

చివరికి వంటింట్లో మిగిలింది అమ్మ చీర చాటునుంచి నాలుగుసార్లూ ఎంచినదే. ముప్పావు ధ్వని దాటితే అది పలచబడుతుంది, మృదంగం ఎడమవైపు సగమే ఇస్తుంది, రాత్రిపూట నేనొక్కడినే వింటున్నప్పుడు ఆ సగం కోసం నాకు వెలితిగానే ఉంటుంది. కుక్కరు మూడో విజిలు వేస్తున్నప్పుడు కూడా అమ్మ చరణంలో మాట తప్పకుండా వెంట పాడుతోంది. కోఠీ స్పీకరును అమ్మాయి తన హాస్టలు గదికి పట్టుకుపోయింది. అక్కడ దానికి మంచి పేరే ఉందట.